శిక్షణకు వచ్చిన మహిళ

మహిళా సాధికారత మన ప్రాంతంలో ఏనాడూ ఆగింది లేదు. 1996 జూన్‌లో మాత్రం, మదనపల్లెలో జరిగిన మహిళా సర్పంచుల శిక్షణకు ఒక మహిళ వచ్చేసరికి, కొంచెం చిక్కొచ్చి పడింది.

ఆమె పేరు వసంతమ్మ. పెద్దపంజాణి వైపు ఒక పల్లెకు సర్పంచి. పుంగనూరు, కుప్పం దిక్కుల నుంచి పిలిచిన ముప్పై ఇద్దరు మహిళా సర్పంచుల్లో ముప్పై ఒక్కరు పద్ధతి ప్రకారం తమ భర్తల్ని పంపారు. (పడకలు, స్నానాల గది, బీడీలు కాల్చుకునే అరుగు అన్నీ వారి సౌకర్యం చూసే ఏర్పాటు చేశారు.) వసంతమ్మ భర్త గంగులప్ప కూడా వచ్చేవాడే. పాపం, మోపెడ్ మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఊళ్లో చూస్తే బోరు ఎండిపోయి రెండు నెలలైంది. శిక్షణ సర్టిఫికెట్ ఉన్న సర్పంచికే కొత్త బోరు ఇస్తామని పైనుంచి కాగితం వచ్చింది. రోజూ మైలు దూరం నుంచి బిందెలు మోసి నడుం పడిపోయిన వసంతమ్మ, ఇక లాభం లేదని తానే బస్సెక్కింది.

ఆమెను చూసి శిక్షణాధికారి సుబ్రహ్మణ్యం నిజంగానే కంగారుపడ్డాడు.

“మీ ఆయన యాడమ్మా?”

“కాలిరిగి మంచంలో ఉండాడప్పా. సర్పంచిని నేనే గదా, నేనొస్తే సాలదా?”

“నువ్వే సర్పంచివి, కాదనలేదు. రిజిస్టర్లో నిన్ను యాడ రాసేదమ్మా?”

రిజిస్టర్లో మూడే గడులున్నాయి: సర్పంచి పేరు, హాజరైన భర్త పేరు, భర్త సంతకం. నాలుగో గడి గీయాలంటే పైవాళ్లు ఒప్పుకోవాలి. ఫోన్లు తిరిగాయి. మధ్యాహ్నానికి ఉత్తర్వు దిగింది: భర్త రాలేని అనివార్య పరిస్థితుల్లో ఆయన తరఫున సర్పంచి హాజరు కావచ్చు, అయితే భర్త రాతపూర్వక అనుమతి తేవలెను.

వసంతమ్మ ఊరికి పోయి, మర్నాడు మొదటి బస్సుకే అనుమతి తెచ్చింది. గంగులప్పకు చదువు రాదు. పదో తరగతి పాసైన వసంతమ్మే తనకు అనుమతి రాసుకుని, కింద ఆయన వేలిముద్ర వేయించింది. (ఫైలు సక్రమంగా ఉన్నందుకు సుబ్రహ్మణ్యం ఊపిరి పీల్చుకున్నాడు.)

ఆ రోజు పాఠం ‘సభలో ధైర్యంగా మాట్లాడడం’. భర్త పెత్తనం చేయబోతే ఏం చేయాలని అడిగితే, గంగవరం నుంచి వచ్చిన మునెప్ప మీసం దువ్వుకుంటూ లేచాడు.

“గట్టిగా సెప్పల్ల సార్. పదవి నాది, నువ్వు ఇంట్లో ఉండు అని.”

చప్పట్లు మోగాయి. వసంతమ్మకు ఒళ్లు మండింది. లేచి, “సార్, నేనొక మాట చెప్పల్ల” అంది.

“కూర్చోమ్మా,” అన్నాడు సుబ్రహ్మణ్యం, మర్యాదగానే. “మహిళా సర్పంచులు నేర్చుకుంటాండారు, మధ్యలో అడ్డం రాగూడదు.”

నోటిదాకా వచ్చిందంతా మింగేసి, బోరు కోసం కూర్చుంది.

మూడో రోజు సర్టిఫికెట్లు ఇచ్చారు. ‘మహిళా నాయకత్వంలో శ్రీ గంగులప్ప గారు విజయవంతంగా శిక్షణ పొందారు’ అని ఉంది. వసంతమ్మ దాన్ని రెండుసార్లు చదివి, మడిచి సంచిలో పెట్టుకుంది.

శ్రావణంలో బోరు పడింది. గంగులప్ప కర్ర ఊతంతో వచ్చి, మహిళా సర్పంచి హోదాలో కొబ్బరికాయ కొట్టి, దండ వేయించుకున్నాడు. తర్వాత నీళ్లకు వరస మొదలైంది. ఆ వరసలో మాత్రం భార్య తరఫున ఒక్క భర్తా హాజరు కాలేదు.