భల్లూకయ్య బిట్‌బ్యాంకు

ఒక పెద్ద అడవిలో ఒక బడి ఉండేది. దానికి హెడ్మాస్టరు ఎలుగుబంటి భల్లూకయ్య. చదువు సంగతి దేవుడెరుగు, ఆ బడికి ఏటా నూటికి నూరు మార్కులే!

ఒకనాడు సింహరాజు భల్లూకయ్యని పిలిపించాడు.

"మీ పిల్లలకి మార్కులొస్తున్నాయి గానీ నోరు తెరిస్తే నాలుగు ముక్కలు రావటం లేదయ్యా. నవలలు చదివించు. వేసవిలో వచ్చి చూస్తా. అప్పటికీ సొంతంగా మాట్లాడలేకపోతే మధ్యాహ్న భోజనం నువ్వే."

భల్లూకయ్య గుండెల్లో రాయి పడింది. బడిలో తెలుగు చెప్పే ఉడుత పంతులమ్మ మాత్రం సంగతి విని ఎగిరి గంతేసింది.

"ఇంతేనా సార్! బీరువా నిండా నవలలేగా. రోజూ కాస్త చదివి వినిపించి, మంచి పట్టులో ఆపేస్తా. తర్వాతేమైందోనని పిల్లలే లాక్కుని చదువుతారు. చదివేకొద్దీ మాటలు అవే వస్తాయి."

"చాల్లేవమ్మా! పిల్లల చేతికిస్తే పుస్తకాలు నలిగిపోవూ? అసలు నవల్లో ఏది ఇంపార్టెంటో ఎలా తెలుస్తుంది?"

అలా అని బీరువాకి ఇంకో తాళం వేశాడు మహానుభావుడు. నక్కని పిలిచి ఒక నవలకి అ, ఆ, ఇ, ఈ ఆప్షన్లతో బిట్‌బ్యాంకు రాయించాడు. పిల్లలు పొద్దస్తమానం అదే బట్టీ పట్టారు. నాయిక ఎవరో ఒక్కరికీ తెలీదు. ఎందుకేడ్చిందంటే మాత్రం అందరూ ఒకే గొంతుతో "ఇ!" అనేవారు.

వేసవి వచ్చింది, సింహరాజూ వచ్చాడు. భల్లూకయ్య మీసం దువ్వి, ఫస్టు ర్యాంకు జింకపిల్ల చుక్కమ్మని నిలబెట్టాడు.

"చదివిన నవల గురించి చెప్పమ్మా," అన్నాడు సింహరాజు.

"ఇ, మహారాజా!"

"సరే, నవల వదిలెయ్. మీ హెడ్మాస్టర్ని నేనెందుకు తినకూడదు? నీ మాటల్లో చెప్పు."

భల్లూకయ్యకి ప్రాణం లేచొచ్చింది. సారంటే చుక్కమ్మకి ప్రాణమని అడవంతా తెలుసు. పాపం, దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మాట మాత్రం రాలేదు.

"ఆప్షన్లు ఇవ్వండి మహారాజా," అంది చివరికి.

సింహరాజు పగలబడి నవ్వాడు. "అలాగే! అ, తినాలి. ఆ, ఇప్పుడే తినాలి. ఇ, ఎముకలతో సహా తినాలి. ఈ, పైవన్నీ."

"ఏదీ కాదని చెప్పవే తల్లీ!" భల్లూకయ్య బావురుమన్నాడు.

"ఆ ఆప్షన్ లేదు సార్," అని వెక్కుతూ చుక్కమ్మ 'ఈ' అంది. "పైవన్నీ అని ఉంటే కళ్ళు మూసుకుని అదే పెట్టమని మీరేగా చెప్పారు!"

ఆ ఏడూ బడికి నూటికి నూరే.

నీతి: పుస్తకాల బీరువాకి తాళం గట్టిగా వేయండి, రాజుగారి భోజనానికి లోటుండదు.