అన్ని స్టేజీల్లో ఆగిన సైకిల్

ఆ రోజు పొద్దున రోజారాణి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఎస్టీడీ బూతు మధ్యాహ్నం దాకా నడిపి, షట్టరు సగం దించి, బాన్స్‌వాడ బస్టాండు ముందు సున్నంతో గీసిన ముగింపు గీత దగ్గర నిలబడాలి. మొగుడు భూమేశ్ సైకిల్ మీద ఆ గీత దాటడం కళ్లారా చూడాలి. అంతకుమించి ఆమె దేవుణ్ణి ఏమీ అడగలేదు. ఇంకాస్త గట్టిగా అడిగి ఉండాల్సిందని తర్వాత అనుకుంది.

భూమేశ్ హైదరాబాదులో ఒక సైకిళ్ల కంపెనీ జట్టులో జీతానికి సైకిల్ తొక్కుతాడు. ఈ మాట చెబితే ఊళ్లో నవ్వనివాడు లేడు. పాలవాడు తొక్కడం లేదా, పోస్టుమ్యాన్ తొక్కడం లేదా, ఇదేం నౌకరీ అని ఊరి ప్రశ్న. జట్టులోనూ అతనికి పెద్ద మర్యాదేమీ లేదు. కెప్టెన్‌కు నీళ్ల సీసాలు అందించడం, ఎదురుగాలి వీస్తే అడ్డంగా ముందు తొక్కడం అతని పని. కానీ రోజారాణికి ఒక సంగతి తెలుసు. నాలుగైదు రోజులు సాగే రేసులో మొదటిరోజు భూమేశ్ ఎవరి కంటా పడడు. రోజులు గడిచేకొద్దీ మిగతావాళ్లు తోటకూర కాడల్లా వడిలిపోతారు, ఇతను మాత్రం మొదటిరోజు ఎలా ఉన్నాడో అలాగే ఉంటాడు. విదేశాల్లో మూడు వారాలపాటు రోజూ తొక్కే గ్రాండ్ టూర్లకు ఇలాంటివాడే పనికొస్తాడని ఆమె వాదన. వినేవాళ్లు లేక ఆ వాదన బూతుకొచ్చే గిరాకీలకు వినిపించేది. వాళ్లు లైను కలిసేదాకా వినేవారు.

ఇన్నాళ్లకు అది తేలే సమయం వచ్చింది. ఒక విదేశీ జట్టు ఈ కంపెనీ నుంచి ఒక్కణ్ణి గ్రాండ్ టూర్‌కు తీసుకుంటానంది. ఆ ఒక్కడెవరో ఈ అయిదు రోజుల రేసు చూసి మేనేజర్ తేలుస్తాడు. అందరి లెక్కలోనూ అది కెప్టెనే. భూమేశ్‌కైతే, ఈసారి ఏదో ఒకటి చూపించకపోతే వచ్చే ఏడు జట్టులో చోటుండదని ముందే చెప్పేశారు. నాలుగోరోజు స్టేజి, అంటే ఆ ఒక్కరోజు తొక్కాల్సిన దూరం, దెగ్లూరులో మొదలై పెద్ద కొడప్‌గల్, పిట్లం మీదుగా బాన్స్‌వాడ చేరుతుంది. అతను పుట్టి పెరిగిన దారి అది.

ఆ సంబరం ఆపుకోలేక రోజారాణి ముందురోజు పెద్ద కొడప్‌గల్‌లో ఉన్న అత్త పోసవ్వకు ఫోన్ చేసింది. "అత్తమ్మా, రేపు ఆయనది స్టేజి రేసు. మన దిక్కే వస్తుండు. స్టేజి గెలిస్తె ఇగ ఫికర్ లేదు" అని చెప్పింది. కొంప మునిగింది అక్కడే. ఆ చుట్టుపక్కల స్టేజి అంటే ఒకటే అర్థం, రోడ్డు మీద బస్సు ఆగే చోటు. కొడుకు స్టేజి స్టేజికీ ఆగుతాడని, ఆగినచోట మనవాళ్లు లేకపోతే పరువు పోతుందని పోసవ్వ ఆ రాత్రే చుట్టాలందరికీ కబురు పెట్టింది.

పొద్దెక్కాక బూతులో మొదటి ఫోన్ మోగింది. అవతల పోసవ్వ గొంతు పెళ్లిలో ఉన్నట్టుంది.

"నీ మొగడు అందరికంటె ముంగట వచ్చిండు బిడ్డా. నేనే ఆపిన."

"ఆపినవా? ఎందుకాపినవ్ అత్తమ్మా?"

"స్టేజి గాదా? ఆపకుంటె పోతనే ఉండె."

పోసవ్వ కొడుకును సైకిల్ దించి, కుర్చీలో కూర్చోబెట్టి, కాళ్లకు నీళ్లు పోసి, హారతిచ్చి, రొట్టె బెల్లం కలిపిన మలీద ముద్దలు, గారెలు తినిపించిందట. ఓడిపోతానమ్మా అని అతను మొత్తుకుంటే, ఎక్స్‌ప్రెస్ బస్సే ఆగుతుంది, నీదేం గొప్ప అందట. అతను ఆఖరి గారె మింగుతుండగా మిగతా సైకిళ్లన్నీ ఆగకుండా వెళ్లిపోయాయి. ఈ స్టేజిలో తమవాళ్లంటూ లేని ఆ పిల్లలను చూసి పోసవ్వకు కడుపు తరుక్కుపోయింది.

రోజారాణి రిసీవరు పెట్టీ పెట్టగానే మళ్లీ ఎత్తింది. వెంటనే పిట్లంలో దుకాణం నడిపే ఆశన్నకు ఫోన్ కలిపింది. ఆశన్న భూమేశ్‌కు మేనమామ, మాట ఇస్తే తప్పనివాడు, మాట వింటే సగమే వినేవాడు. లైనులో గరగరలు.

"మామా, ఆయన్ని ఆపకుర్రి. ఆయన్నొక్కన్నే ఆపితె ఆయన ఓడిపోతడు."

"నువ్వన్నది నిజమే బిడ్డా. ఒక్కన్నే ఆపుడు న్యాయం గాదు. అందరిని ఆపుత" అని ఆశన్న ఫోన్ పెట్టేశాడు.

రోజారాణి మళ్లీ కలిపింది. మోగుతోంది గాని ఎత్తేవాడు లేడు. ఎత్తాల్సినవాడు అప్పటికే వడ్ల ట్రాక్టరును రోడ్డుకు అడ్డంగా పెట్టిస్తున్నాడు.

తర్వాత ఆశన్నే ఫోన్ చేసి సంతోషంగా చెప్పాడు. సైకిళ్లనూ, వెనక వచ్చిన మేనేజర్ జీపునూ, రేసు పెద్దల మోటారుసైకిళ్లనూ ఆపి అందరినీ హోటలు బెంచీల మీద కూర్చోబెట్టి గారెలు పెట్టాడట. బ్యాండు కూడా పెట్టించాడట. వెనకబడ్డ భూమేశ్ ఆ సందట్లో వచ్చి కలిసి, మళ్లీ తిన్నాడు. కెప్టెన్ అని తెలిశాక ఆ అబ్బాయికి రెండింతలు వడ్డించారు, వద్దంటే మర్యాద కోసం అంటున్నాడనుకున్నారు. ఎవరికీ తక్కువ చేయలేదని, ముందున్న క్యాంపుకు కూడా కబురు చేశానని ఆశన్న హామీ ఇచ్చాడు.

క్యాంపంటే బాన్స్‌వాడ దారిలో, కాలువ కింద పొలాలు కొనుక్కుని స్థిరపడ్డ కోస్తా రైతుల ఊరు. అక్కడి హరనాథబాబు రోజారాణి బూతుకు పాత గిరాకీ. అతని ఫోన్ వచ్చేసరికి ఆమెకు ఏడవాలో నవ్వాలో తెలియని స్థితి పోయి ఏడుపు ఒక్కటే మిగిలింది.

"అమ్మా రోజారాణీ, పిట్లంలో గారెలు పెట్టారట గదా. మేం పులిహోర ఒక్కటే చేశాం. మాట పోతుందని మా ఆవిడ బొబ్బట్లు మొదలెట్టింది. కాస్త నిదానంగా రమ్మని చెప్పండి."

"బాబాయ్ గారూ, వాళ్లు రేసుల ఉన్నరు."

"మేమూ రేసులోనే ఉన్నామమ్మా. పిండి ఇంకా నానలేదు."

అతిథులు ఎంగిలిపడకుండా క్యాంపు దాటితే తాము మళ్లీ పిట్లం ముఖం చూడలేమని ఆయన తేల్చేశాడు. రోజారాణి రిసీవరు పెట్టి బల్ల మీద తల వాల్చింది. ఇన్నేళ్లూ మొగుణ్ణి ఎగతాళి చేసినవాళ్లను తిట్టుకుంది గాని, అతన్ని ముంచేది ప్రేమించేవాళ్లేనని ఆమె ఊహించలేదు. అప్పుడే ఒక గిరాకీ నాందేడ్‌కు లైను కావాలన్నాడు. ఆమె చూసిన చూపుకు ఉత్తరం రాసుకుంటానని వెళ్లిపోయాడు.

ఎండ దిగుతుండగా బస్టాండు ముందు కేక లేచింది. భూమేశ్ ఒక్కడే వచ్చాడు. బనియను నిండా పసుపు, హ్యాండిల్‌కు బంతిపూల దండ, నోట్లో ఇంకా ఏదో నములుతున్నాడు. గీత దాటి దిగాడు. చాలాసేపటికి మిగతావాళ్లు ఒక్కొక్కరే పొట్టలు పట్టుకుని వచ్చారు. కెప్టెన్ జీపులో వచ్చాడు. క్యాంపులో బొబ్బట్లు కూడా తిన్నాక కాలువ గట్టు మీద పడుకున్నవాణ్ణి లేపి ఎక్కించారట.

గెలిచాడని రోజారాణి గుండె ఎగిరింది. ఎగిరింది ఎగిరినట్టే కింద పడింది. దారి ఆపినందువల్ల ఈ రోజు స్టేజి రద్దు చేస్తున్నామని, ఇది ఎవరి లెక్కలోకీ రాదని రేసు పెద్ద మైకులో చెప్పాడు. సరిగ్గా అప్పుడే పోసవ్వ, ఆశన్న ట్రాక్టరు నిండా చుట్టాలతో దిగారు. ఏం జరిగిందో తెలిశాక వాళ్ల మాట పడిపోయింది. రోజారాణికి దుఃఖం ఆగలేదు. మొగుడి నౌకరీ తన ఒక్క మాటతో పోయిందని ఏడుస్తూ మేనేజర్ దగ్గరికి వెళ్లింది.

"సార్, తప్పు ఆయనది కాదు. నేనే చెప్పుడు సక్కగ చెప్పలే."

మేనేజర్ కాగితాలు సర్దుకుంటూ జీపు వైపు తిరిగాడు. వెనక నుంచి భూమేశ్ మెల్లగా ఆమె భుజం తట్టాడు.

"రోజా, ఇంట్ల అన్నం వండినవా?"

ఆ క్షణాన చేతిలో ఏదైనా ఉంటే ఆమె విసిరేదే. కొంప కాలుతుంటే అన్నమా అని ఆమె నోరు తెరిచేలోపు మేనేజర్ గిర్రున తిరిగాడు. నిజంగా ఆకలేస్తోందా అని అడిగాడు. వేస్తోందన్నాడు భూమేశ్ సిగ్గుపడుతూ. మేనేజర్ అతన్ని కాళ్ల నుంచి తల దాకా, ఇన్నేళ్లలో మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"మూడు వారాల రేసులో ముందు ఓడిపోయేది కాళ్లు కాదమ్మా, కడుపు" అన్నాడు రోజారాణితో. "రెండో వారానికి ముద్ద గొంతు దిగదు. ముద్ద దిగనివాడు తొక్కలేడు. మీ ఆయన మూడు చోట్ల పెళ్లి భోజనం చేసి అందరికంటే ముందొచ్చాడు. నేను వెనక జీపులోంచి చూస్తూనే ఉన్నాను. స్టేజి రద్దయితే కానివ్వండి, వెళ్లేది ఇతనే."

నిమ్మకాయ నీళ్లు తాగుతున్న కెప్టెన్‌కు కాదనే ఓపిక లేకపోయింది. రోజారాణి మాత్రం మొగుడి చేయి పట్టుకుని మరోసారి ఏడ్చింది, ఈసారి హాయిగా.

చుట్టాలకు మాట తిరిగి వచ్చింది. తాము ఆపబట్టే ముందుకు పోయాడని ఆశన్న బస్టాండులో కనబడినవాడికల్లా చెప్పాడు. గారెలా, బొబ్బట్లా, ఘనత దేనిదన్న పంచాయితీ హరనాథబాబుకూ అతనికీ చాలాకాలం నడిచింది. పోసవ్వ కోడలిని పక్కకు పిలిచి, ఆ పెద్ద రేసు ఏ దేశంలో, అక్కడికి గారెలు ఎన్ని రోజుల్లో చేరతాయని అడిగింది.

ఆ దేశం పేరు రోజారాణి ఈనాటికీ అత్తకు చెప్పలేదు.