వెండెల్ బరువు దించుకున్న వైనం

వంటింటి బల్ల దగ్గర కూర్చుని వెండెల్ పళ్ళు తోముకునే బ్రష్షు పిడిని రంపంతో కోస్తున్నాడు. ఇది రెండో కోత. మొదటి కోతకే అది చిటికెన వేలంత అయింది. ఇప్పుడు మిగిలినదాన్ని పట్టుకోవాలంటే పట్టకారు కావాలి.

"ఏం, ఎంత తగ్గింది?" అంది డార్లా, రొట్టెల పిండి పిసుకుతూ.

"నాలుగు గ్రాములు!"

"ముందున్న బొజ్జ తొమ్మిది కిలోలుంటుంది. దాన్ని ఏ రంపంతో కోస్తావు?"

వెండెల్ వినిపించుకోలేదు. మహత్కార్యాల్లో మునిగినవాళ్ళకి భార్యల మాటలు చెవికెక్కవు.

కార్యం నిజంగా మహత్తైనదే. కొలరాడో కొండల్లో ఏటా జూలైలో జరిగే ఐదొందల మైళ్ళ సైకిలు పందెం అది. అందులో అసలు నియమం ఒక్కటే, ఎవరి బతుకు వాళ్ళది. గుడారం, దుప్పటి, గాలిపంపు, గిన్నె అన్నీ ఎవరి సైకిలుకి వాళ్ళే కట్టుకుపోవాలి. దారిలో దుకాణం కనిపిస్తే కొనుక్కోవచ్చు. అంతేగానీ ఇంటివాళ్ళయినా, తోటి పోటీదారులయినా అరటిపండు ముక్క ఇచ్చినా పుచ్చుకోకూడదు.

ఈ పందెం నడిపేది డార్లా తమ్ముడు రస్టీ. ఊళ్ళో సైకిళ్ళ కొట్టు అతనిదే, పందెం బయల్దేరేదీ ముగిసేదీ దాని ముందే. పందెం పూర్తిచేసినవాళ్ళ పేర్లన్నీ ఆ కొట్టు గోడమీద ఒక చెక్కకి ఎక్కుతాయి. పళ్ళ డాక్టరు పేరుంది. ఆ డాక్టరుగారి అత్తగారి పేరుంది. వెండెల్ పేరు మాత్రం లేదు. ఏటా నవంబరులో థాంక్స్‌గివింగ్ పండగ విందులో టర్కీ కోడి వడ్డించినప్పుడల్లా రస్టీ, "ఈ ముక్క పూర్తిచేస్తావా బావా, మధ్యలో వదిలేస్తావా?" అని అడుగుతాడు. వెండెల్ ఆ ముక్కని మధ్యలోనే వదిలేస్తాడు.

వెండెల్ ఇప్పటికి మూడుసార్లు బయల్దేరాడు. మొదటి ఏడు బరువని వానకోటు ఇంట్లో వదిలేశాడు, వడగళ్ళు పడ్డాయి. రెండో ఏడు గాలిపంపు వదిలేశాడు, టైరు పంక్చరైంది. మూడో ఏడు గుడారం వదిలేశాడు, చీమలు పట్టాయి. మూడుసార్లూ ఫోను చేశాడు, మూడుసార్లూ డార్లా పికప్పు ట్రక్కు వేసుకుని వెళ్ళి తీసుకొచ్చింది. మూడుసార్లూ ఆలోచించి ఆయన తేల్చిన కారణం ఒక్కటే. సామాను ఇంకా బరువెక్కువైంది.

"నా త్రాసేది?" అంది డార్లా. చూస్తే అది బల్ల చివర ఉంది, దానిమీద సాక్సులున్నాయి.

"పిండి తూచే త్రాసు మీద సాక్సులా?"

"ఉతికినవే."

"ఎప్పుడు?"

వెండెల్ గబగబా సాక్సులు తీసేశాడు.

ఆ వారమంతా ఇంట్లో ఏ వస్తువుకీ రక్షణ లేకపోయింది. చొక్కాల మెడల్లో కంపెనీ పట్టీలన్నీ కత్తిరించాడు. ఊపు ఆగక దిండు గలీబులవీ కత్తిరించాడు. సంచులకున్న జిప్పుల పిడులు పీకాడు. అదే చేత్తో బీరువాలో వేలాడుతున్న ఆదివారం ప్యాంటుదీ పీకాడు. ఆ సంగతి చర్చిలో, అందరూ లేచి పాడుతుండగా తెలిసింది. పాట అయ్యేదాకా పుస్తకాన్ని కళ్ళ ముందు కాకుండా మరో చోట అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు.

ఎంత కోసినా మూట మాత్రం ఆరు కిలోల దగ్గరే ఆగింది. గుడారం, పొయ్యి, పంపు, పనిముట్లు, నీళ్ళు వడగట్టే గొట్టం, మందుల పెట్టె కోతకి లొంగే రకం కావు. గిన్నెకి చిల్లులు పెడదామని డ్రిల్లు దాకా తీశాడు గానీ, సూపు సంగతి గుర్తొచ్చి ఆగిపోయాడు.

అప్పుడు నియమాల పుస్తకం పదకొండో పేజీలో వెలుగు కనిపించింది. 'జంటగా పాల్గొనేవారు సామాను పంచుకోవచ్చు.'

మర్నాడు పొద్దున్నే వెండెల్ స్వహస్తాలతో పాన్‌కేకులు వేశాడు. డార్లా వాటిని చూసి ముందు భయపడింది.

"ఎవరైనా పోయారా?"

"అబ్బే! మన పెళ్ళై ఇరవై రెండేళ్ళైందని..."

"ఇరవై నాలుగు."

"చూశావా, ఎంత హాయిగా గడిచాయో! రెండేళ్ళు అసలు తెలియనేలేదు. అందుకే ఈసారి పందానికి ఇద్దరం జంటగా వెళ్దాం బంగారం. కొండలు, పూలు, సూర్యోదయాలు, నువ్వూ, నేనూ..."

"గుడారం ఎవరు మోస్తారు?"

"నియమం ప్రకారం ఎవరైనా మోయొచ్చు. అంత చిన్న విషయం ఇప్పుడెందుకు?"

"సరే," అంది డార్లా.

అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే మనిషన్నవాడికి అనుమానం రావాలి. కానీ వెండెల్ మనసులో గుడారం దిగిపోయింది, పొయ్యి దిగిపోయింది, చెక్కమీద పేరు ఎక్కిపోయింది. ఆయన ఊళ్ళో ఇన్సూరెన్స్ ఆఫీసులో కూర్చుని పనిచేసే ఉద్యోగి. డార్లా ఇరవై ఏళ్ళుగా అదే ఊళ్ళో, భుజాన సంచీ వేసుకుని, ఏటవాలు వీధులెక్కి దిగుతూ, కుక్కల్ని అదిలిస్తూ ఇంటింటికీ ఉత్తరాలు పంచే మనిషి. ఇద్దరిలో ఎవరి కాళ్ళు ఎలాంటివన్న ప్రశ్న వెండెల్‌కి ఎన్నడూ తట్టలేదు.

పందానికి ముందురోజు మధ్యాహ్నం సర్దుడు మొదలైంది. గుడారం డార్లా సంచిలోకి వెళ్ళింది. పొయ్యి, గిన్నె, పంపు, పనిముట్లు, మందులు దాని వెనకే వెళ్ళాయి. చివర్లో వెండెల్ తన సాక్సులు కూడా అందులోకి జారవిడిచాడు.

"అవి నీ సాక్సులు కదూ?"

"జంటన్నాక నీవీ నావీ ఏమిటి డార్లా?"

తన సంచిలో ఒక పల్చటి దుప్పటి, వానకోటు, నాలుగు బట్టలు, ముక్క బ్రష్షు మిగిలాయి. డార్లా రెండు సంచులూ చెరో చేత్తో ఎత్తి, కళ్ళు మూసుకుని, దింపేసింది.

"నీది రెండు కిలోల తొమ్మిదొందలు. నాది ఏడున్నర."

వెండెల్ త్రాసు మీద పెట్టి చూశాడు. అణువంత తేడా లేదు. ఇరవై ఏళ్ళు పార్సిళ్ళు మోసిన చేతికి త్రాసుతో పనేముంది? ఆయన గొంతు సర్దుకుని, నువ్వసలే చలిమనిషివి, సామాను దగ్గరుంటే ధైర్యంగా ఉంటుందని ఏదో అన్నాడు. డార్లా నవ్వి, పేర్లు రాయించి వస్తానని తమ్ముడి కొట్టుకి వెళ్ళింది.

తెల్లారి నంబర్ల అట్టలు ఆవిడే కట్టింది. వెండెల్ తన అట్టమీద ఏముందో చూడలేదు. దాని మూలలు గుండ్రంగా కత్తిరిస్తే రెండు గ్రాములు తగ్గుతాయన్న ధ్యాసలో ఉన్నాడు.

పద్దెనిమిదో మైలు దగ్గర మొదటి ఎక్కుడొచ్చింది. డార్లా ఏడున్నర కిలోలతో, ఉత్తరం పడేసి పక్కింటికి వెళ్తున్నట్టు ఎక్కేస్తోంది. వెండెల్ రెండు కిలోల తొమ్మిదొందలతో, తొమ్మిది కిలోల బొజ్జతో వెనకపడ్డాడు.

"ఆగవే! జంటలు కలిసి వెళ్ళాలని నియమం!"

డార్లా ఆగింది. "నీ నంబరు చూసుకో వెండెల్."

చూసుకున్నాడు. నలభై ఒకటి. ఆవిడది నలభై రెండు. జంటలకైతే ఒకే నంబరిస్తారు.

"ఇదేంటి?"

"నిన్న పేర్లు విడివిడిగా రాయించా. మనిద్దరం ఎవరికి వాళ్ళం."

"మరి గుడారం?"

"నా సైకిలు మీదుంది. తోటి పోటీదారు దగ్గర అరటిపండు ముక్క కూడా తీసుకోకూడదని ఎవరో చెప్పేవారు, ఎవరబ్బా? పోయినేడు పుచ్చుకున్నవాడి మీద రస్టీకి ఫిర్యాదు కూడా చేశారు."

ఆ ఎవరో తన నంబరు అట్ట తిప్పి వెనకవైపు కూడా చూసుకున్నాడు.

"దిగులుపడకు. రెండు మైళ్ళ అవతల పెట్రోలు బంకుంది. అక్కడ గుడారం దొరుకుతుందని ముందే కనుక్కున్నా," అని డార్లా పెడలు తొక్కింది.

దొరికింది. గులాబీ రంగుది, కొమ్ముగుర్రం బొమ్మలున్నది, ఆరేళ్ళ పిల్లలకి సరిపోయేది. పంపు లారీ టైర్లకి కొట్టేది. గిన్నె ఇనపది. కోయడానికి వెండెల్ దగ్గర రంపం లేదు. అన్నీ కట్టుకున్నాక మూట పదకొండు కిలోలైంది. మూడేళ్ళుగా ఆయన తగ్గించిన ప్రతి గ్రామూ చుట్టాలతో సహా తిరిగొచ్చి సైకిలెక్కింది.

మూడో రోజు మధ్యాహ్నం, కనుమ మీద వడగళ్ళు మొదలయ్యాయి. గులాబీ గుడారంలో వెండెల్ ముడుచుకు కూర్చున్నాడు. మోకాళ్ళ దాకా లోపల ఉన్నాడు, కాళ్ళు బయట ఉన్నాయి. అలవాటు ప్రకారం చెయ్యి ఫోను మీదకి వెళ్ళింది.

"డార్లా! ఇంక నావల్ల కాదే. పికప్పు తీసుకురా."

"పికప్పు ఇంటి దగ్గరుంది."

"తాళంచెవి?"

"నా సంచిలో ఉంది. నలభై గ్రాములు."

"నువ్వెక్కడున్నావు?"

"నీకు అరవై మైళ్ళ ముందు."

"మరి నన్నెవరు తీసుకెళ్తారు?"

"రస్టీని పిలు. సంతోషంగా వస్తాడు. వచ్చే ఇరవై థాంక్స్‌గివింగ్‌లకి సరిపడా సరుకు దొరుకుతుంది వాడికి."

వెండెల్ తడిసిన కాళ్ళు దగ్గరికి లాక్కున్నాడు. అవతల డార్లా గొంతు కొంచెం మెత్తబడింది.

"ఇదిగో, వింటున్నావా? ఈసారి నీ దగ్గర గుడారం ఉంది, కోటు ఉంది, పంపు ఉంది. వాన తగ్గాక లే. లేచి తొక్కు. నువ్వు తొక్కగలవని నాకు తెలుసు."

ఫోను పెట్టేశాక వెండెల్‌కి ముందు కోపం వచ్చింది. కోపం చల్లారాక సిగ్గేసింది. మూడేళ్ళూ తను దిగిపోయింది వాన వల్లా, టైరు వల్లా, చీమల వల్లా కాదని, పిలిస్తే పలికే పికప్పు ఉండబట్టేనని వడగళ్ళ చప్పుడులో ఆయనకి తెలిసొచ్చింది. పదకొండు కిలోలూ తిరిగి సైకిలుకి కట్టాడు. తిట్టుకుంటూ ఎక్కాడు, ఏడుస్తూ దిగాడు, కొన్నిచోట్ల సైకిలుని భుజానేసుకుని నడిచాడు కూడా.

తొమ్మిదో రోజు మిట్టమధ్యాహ్నం, అందరికంటే ఆఖర్న, కొమ్ముగుర్రాల గుడారం జెండాలా ఎగురుతుండగా వెండెల్ రస్టీ కొట్టు ముందు దిగాడు. డార్లా అప్పటికి రెండు రోజుల ముందే చేరి, స్నానం చేసి, నిద్రపోయి, చెర్రీ కేకు కూడా చేసి తెచ్చింది. చెక్క మీద ఆవిడ పేరు ఆరిపోయిన రంగులో మెరుస్తోంది. దానికి కాస్త కింద రస్టీ కుంచెతో వెండెల్ పేరు రాశాడు. వెండెల్ ఆ తడి అక్షరాల్ని చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. ఆయన కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి.

"భేష్ బావా!" అన్నాడు రస్టీ, కుంచె తుడుస్తూ. "ఏటా ఏదో ఒకటి బరువని వదిలేసి వెళ్తావుగా. ఈసారి ఏం వదిలేశావేంటి, పూర్తిచేసొచ్చావు?"

వెండెల్ కంటే ముందు డార్లా జవాబు చెప్పింది.

"డ్రైవర్ని."

కాదందామని వెండెల్ నోరు తెరిచాడు. డార్లా అందులో కేకు ముక్క పెట్టింది. పందెం అయిపోయింది కాబట్టి ఆయన పుచ్చుకున్నాడు.