కుడిచేయి, ఎడమచేయి, ఇంగ్లీషు

స్వామి దయవల్ల అందరూ వచ్చారు, కాస్త ముందుకు జరగండి. ఈ కథ జరిగింది ఒక పెద్ద అడవిలో. ఎంత పెద్దదంటే, దానికి విద్యాశాఖ కూడా ఉంది.

అందులో ఒక చిన్న బడి. హెడ్మాస్టరు ఉడుము, కుర్చీ పట్టుకున్నాడంటే వదలడు. ఇంగ్లీషు చెప్పేది గోరువంక టీచరు. ఆవిడ పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి, ఒక ఆకుసంచీని చేతులు మార్పించేది. చప్పట్లు ఆగినప్పుడు సంచీ ఎవరి దగ్గరుంటే వాళ్ళు అందులోంచి ఒక వస్తువు తీసి, దాని పేరు ఇంగ్లీషులో చెప్పాలి. చెప్పలేకపోతే అందరూ కలిసి అందించేవాళ్ళు. ఆరు నెలల్లో పన్నెండు మాటలొచ్చాయి. నవ్వుతూ వచ్చాయి తల్లీ, అందుకే నిలిచాయి.

ఇంతలో పైనుంచి కబురు: "ఏనుగు ఇన్‌స్పెక్టరుగారు తనిఖీకి వస్తున్నారు. ఇంగ్లీషు రాని బడిని మూసేసి, పిల్లల్ని వాగు అవతలి బడిలో కలిపేస్తాం."

కుందేలమ్మ పరుగెత్తుకొచ్చింది. "అయ్యా, వాగులో మొసలి ఉంది! నా బుడ్డోడు ఎలా దాటుతాడు?"

"నేనున్నాగా!" అన్నాడు ఉడుము. టీచరు వైపు తిరిగి, "ఆ సంచీ దాచెయ్యండి. ఆ రోజు మీరేమడిగినా అందరూ చేతులెత్తాలి. జవాబు వచ్చినవాడు కుడిచేయి, రానివాడు ఎడమచేయి. మీరు కుడివాళ్ళనే లేపండి" అన్నాడు.

"పన్నెండు మాటలు వచ్చు కదండీ, ఆట ఆడించి అవే చూపిద్దాం."

"పన్నెండా! పరువు పోతుంది టీచరమ్మా!"

ఆ వారమంతా బడిలో చేతులెత్తడమే చదువు.

తనిఖీ రోజున టీచరు కాయ చూపిస్తే నలభై చేతులు, ఆకు చూపిస్తే నలభై చేతులు. లేచినవాడల్లా టకటకా చెప్పాడు. ఏనుగుగారి కళ్ళు చెమర్చాయి.

"అద్భుతం! రానివాడు ఒక్కడూ లేడు. ఇక ఇక్కడ నేర్పడానికేముంది? ఈ బడి పని పూర్తయింది. పిల్లలందరినీ పైతరగతికి, వాగు అవతలికి పంపండి!"

ఉడుము కాళ్ళమీద పడ్డాడు. "వీళ్ళకేమీ రాదండీ, దేవుడి మీద ఒట్టు!"

"ఎంత వినయం!" అన్నారు ఏనుగుగారు.

కుందేలు బుడ్డోడు లేచాడు. "నేనెత్తింది ఎడమచేయి సార్. ఎడమంటే రాదని."

"చూశారా, కుడీ ఎడమా కూడా నేర్పారు!" అంటూ సంతకం చేసేశారు.

మర్నాడు నలభైమందీ పలకలు నెత్తిన పెట్టుకుని వాగు ఒడ్డున వరుసగా నిలబడ్డారు. మొసలి నీళ్ళలోంచి తలెత్తి, తీరిగ్గా హాజరు వేసుకుంది.

నీతి: బడి బతకాలంటే, నాయనలారా, పిల్లలకు ఎంతో కొంత రాకుండా చూసుకోవాలి.