ఎవరి అడుగులు?

ఆ శుక్రవారం పొద్దున్నే పెద్దకోడలు దుప్పట్లు ఉతుకుదామని నడుం బిగించింది. బకెట్టు నిండేలోపే గేటుకు అంటించిన కాగితం కంటబడింది. చెరువు ఒడ్డు స్థలాలకు నగరం కొత్త నిబంధనలు రాస్తోందట. ‘నీటి అంచు నుంచి యాభై అడుగుల లోపు కట్టడాలు ఉండరాదు. ఇది ముసాయిదా మాత్రమే. అభ్యంతరాలు నేడు పదకొండు గంటలకు సభామందిరంలో వింటాం.’

ఆమె కొంగు దోపి, నీటి అంచు నుంచి అడుగు తీసి అడుగు వేస్తూ ఇంటివైపు లెక్కపెట్టింది. ముప్ఫై ఒకటో అడుగుకే వెనకగది గోడ ముక్కుకు తగిలింది. ఆ గది తోడికోడలిది. మొగుళ్ళిద్దరూ పోయాక ఈ పన్నెండేళ్ళూ వాళ్ళిద్దరూ ఒకే పొయ్యి మీద వండుకుంటూ, రోజుకు రెండుసార్లు పోట్లాడుకుంటూ బతుకుతున్నారు.

“నా గది పోయినట్టేగా అక్కా? మా అన్నయ్య దగ్గరికి పోతాలే. నీ చెవులకీ కాస్త విశ్రాంతి,” అంది చిన్నకోడలు, అటక మీది పెట్టె వైపు చూస్తూ.

“పెట్టె దించావంటే చెయ్యి విరగ్గొడతా! అడగనిదే అమ్మయినా పెట్టదు. పోయి అడుగుతాను.”

పైకి అలా అంది గానీ ఆమె చూపు గేటు మీదే ఉంది. ఆ గేటు దగ్గర నిలబడి ఆమె సాగనంపినవాళ్ళలో తిరిగొచ్చినవాళ్ళు తక్కువ. ఈ ఒక్కదాన్ని మాత్రం పంపేది లేదనుకుంది.

ఒక్కతే పోతే వినరని, సెలవులో ఉన్న పక్కింటి పోస్టుమాన్‌ను నిద్రలేపింది. తాటిచెట్టంత మనిషి. నాలుగు అంగల్లో సగం పెరడు దాటేశాడు. తన ఇంటికి పందొమ్మిదే వచ్చేసరికి లబోదిబోమన్నాడు. ఎదురింటి కొట్టాయన వీధి దాటి కొలిచినా నలభై ఎనిమిదే. పదింటికల్లా సందంతా చెరువుకీ ఇళ్ళకీ మధ్య నడుస్తోంది. ఒకరి లెక్కలో ఇంకొకరు దూరి, “ఇరవై ఏడా, ముప్ఫై ఏడా?” అనుకుంటూ మళ్ళీ నీళ్ళ దగ్గరికి. వీధి కూడా పోతుందని ఎవరో అన్నారు. వీధి పోతే బస్సు రాదన్నారు. బస్సు రాకపోతే బడి మూసేస్తారన్నారు. పదకొండింటికి డెబ్బై మంది సభామందిరంలో ఉన్నారు.

“మీ అభ్యంతరం చెప్పండి మామ్మగారూ,” అంది ఛైర్మన్ గారి పక్కన కూర్చున్న మున్సిపల్ ఇంజనీరమ్మ.

“అడుగులని రాశారు. ఎవరి అడుగులమ్మా? నావి ముప్ఫై ఒకటి. ఈ తాటిచెట్టువి పందొమ్మిది. పొడుగ్గా పుట్టడం అతని తప్పా?”

“అయ్యో, నడిచే అడుగులు కావండీ! పన్నెండంగుళాల అడుగు. టేపుతో కొలుస్తాం.”

డెబ్బై మందీ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పెద్దకోడలు మాత్రం తగ్గలేదు.

“ఆ ముక్క కాగితంలో ఏదీ? ఇప్పుడే కొలవండి. కళ్ళారా చూస్తే గానీ కదలను.”

కొలిచారు. పోస్టుమాన్ ఇంటికి యాభై అయిదు. వెనకగదికి అరవై రెండు.

“అయితే నేనుండొచ్చా అక్కా?”

“ఉండక ఏ గంగలో దూకుతావే?” అని కసిరి, పెద్దకోడలు అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

“టేపు ఎలాగూ బయటే ఉంది కదా,” అన్నాడు పోస్టుమాన్. “ఇదే ఒడ్డునున్న సభామందిరం కూడా కొలిచేద్దురూ మేడం!”

నలభై మూడు.

ఛైర్మన్ గారు టేపును పక్కకు నెట్టారు. “మామ్మగారు అన్నదాంట్లో న్యాయం ఉంది. ఎవరి అడుగులో మనం రాయలేదు కదా?” అంటూ చెప్పులు విడిచి, మడమకు బొటనవేలు ఆనించుకుంటూ నీళ్ళ దగ్గర్నుంచి మొదలుపెట్టారు.

“పన్నెండంగుళాలు!” అని సందంతా ఒక్క గొంతుతో అరిచింది.

సభామందిరం తరఫు అభ్యంతరాలు వచ్చే శుక్రవారం వింటారట. ఎక్కడ కూర్చుని వింటారో ఇంకా తేలలేదు.