జానెడు గొడుగెత్తిన మధ్యాహ్నం

పెద్ద వరద బస్టాండులోకి జొరబడి, సిమెంటు బల్లలను సైతం పెకలించి, టికెట్ల గది తలుపును ఎటో ఎత్తుకొనిపోయిన ఏడు ఒకటుండెను గదా. దానికి మూడవ ఏట, ఆకాశమున మేఘగజములు ఘీంకరించుటకు గొంతు సవరించుకొనుచుండగా, భూతలమున ఆటోలు, బస్సులు, స్కూటర్లు ఏకకంఠముతో హారన్లు మ్రోగించుచుండగా, మిట్టమధ్యాహ్నవేళ, కళాశాల గేటు ముందర, ఒక చేత మడిచిన గొడుగును మహాఖడ్గమువలె ధరించి, రెండవ చేత జారిపోవు ప్యాంటును పైకి లాగుకొనుచు ఒక వీరుడు నిలిచియుండెను. చెవులున్నవారు కాస్త దగ్గరకు జరుగుదురు గాక.

ఆ వీరుడు దర్జీకులదీపకుడు, పర్యాటక యాత్రా ఉత్సవ నిర్వహణ విద్యాభ్యాసదీక్షితుడు, తోటి విద్యార్థులచే 'జానెడు' అను బిరుదు పొందినవాడు. ఆ బిరుదు అతని ఎత్తును చూచి ఇచ్చినది. బస్సెక్కినచో పైకమ్మీ అతనికి అందదు. గుంపులో నిలిచినచో గుంపే కనబడును గాని అతడు కనబడడు. అట్టివాడు యాత్రికులను వెంటబెట్టుకొని తిరుగు గైడు కావలెనని పట్టుబట్టుట విన్నవారు నోటికి చేయి అడ్డము పెట్టుకొని నవ్విరి. అతనికి మాత్రము పుట్టి బుద్ధెరిగిన తరువాత మరొక కోరిక లేదు. తండ్రి అంగడిలో చొక్కాలకు కాజాలు కుట్టుచు తల వంచుకొని కూర్చున్న ఒకనాడు, వీధివెంట గొడుగు పైకెత్తి పోవు గైడు వెనుక పరదేశీయులు బాతుపిల్లలవలె బారులు తీరి పోవుటను అతడు చూచెను. సూది వేలిలో గుచ్చుకొనెను. కోరిక రొమ్మున గుచ్చుకొనెను. వేలిది మానెను.

ఆనాడు అతనికి నడక పరీక్ష. ఒక గుంపును కళాశాల గేటునుండి బయలుదేరదీసి, అంగడివీధి గుండా నడిపించి, గడియారపు మేడ క్రిందికి చేర్చవలెను. ఒక్క ప్రాణి తప్పిపోయినను పరీక్ష పోయినట్లే. ఆ కళాశాలవారు గడుసువారు. స్నేహితులైనచో జాలిపడి వెంట నడుతురనియు, చుట్టములైనచో ఎవరి మాటా వినరనియు ఎరిగినవారు గనుక, గుంపును విద్యార్థుల చుట్టపక్కాలతోనే కూర్చుట అక్కడి ఆచారము. కిందటి ఏడు జానెడుని గుంపు సగము దారిలో ఐసుక్రీము బండి వెంట పోయెను. ఈసారియు తప్పినచో చదువు చాలించి అంగడికి రావలసినదేనని తండ్రి చెప్పియుండెను. కోపముగా చెప్పలేదు. కాజాలు కుట్టు ముక్కాలిపీటను తుడిచి, కిటికీ ప్రక్కన వేసి చూపెను. అదియే జానెడుని గుండెలో రాయి పడవేసెను.

గుంపు వెనుక నడచుచు మార్కులు వేయవలసిన మాస్టారు ఒక్క సూత్రమే చెప్పుచుండువాడు. గైడు ఎత్తినది గొడుగు కాదు, జెండా. పిడుగులు పడినను దానిని విప్పరాదు. విప్పినచో అది వీధిలోని పది గొడుగులలో ఒకటైపోవును. అందుకనియే జానెడు తన తండ్రి నల్ల గొడుగును మడిచి, దాని నడుముకు అంగడిలోని ఎర్రగుడ్డ పీలికను బిగించి కట్టియుండెను.

ఇక ఆ సేనావాహిని ఎట్టిదనగా: ఏ ఊరిలోనైనను దారి తనకే తెలుసునను ఒక సహాధ్యాయుని పెదనాన్న, అద్దాల అంగడి కనబడినచో కాళ్ళు ఆగిపోవు ఇద్దరు తోడికోడళ్ళు, వారి వెనుక మరికొందరు, వారందరికంటెను భయంకరముగా, మేనల్లుని పరీక్ష అని విని పొరుగూరినుండి బస్సెక్కి వచ్చిన, వాత్సల్యప్రచండ, జలుబుభయంకరి, సాక్షాత్తు జానెడుని మేనత్త.

జానెడు గొడుగెత్తెను. రాత్రి అద్దము ముందు నేర్చుకొనిన పలుకులను ఉరిమినట్లు పలికెను.

"గౌరవనీయులైన యాత్రికులారా, మీ పాదములకు నా గొడుగే దిక్కు, మీ కన్నులకు ఈ ఎర్ర పీలికయే ధ్రువతార. నన్ను అనుసరింపుడు."

"ఎవర్రా గౌరవనీయులు? నేను మీ అత్తనిరా," అనెను మేనత్త. "అన్నం తిన్నావా లేదా? మొహం అలా పీక్కుపోయిందేమిటి?"

మాస్టారు కాగితముమీద ఏదో గీసికొనెను. సేన కదిలెను.

అంగడివీధి నడిమికి చేరుసరికి మేఘగజములు తొండములు విప్పెను. వాన గాదది, కుండపోత. వీధి పొడవునా నల్లగొడుగులు టపటపమని విచ్చుకొనెను. జానెడు మాత్రము విప్పలేదు. చొక్కా ఒంటికి అతుక్కొనెను, చెప్పులు చపచపమనెను. మడిచిన గొడుగును మిన్నుకెత్తి మహాశిఖరమువలె తడిసెను. టీ బంకు క్రిందనున్నవారు, చేతిలో గొడుగుండగా తడియువానిని జన్మలో చూడలేదని ఒకరికొకరు చూపించుకొనిరి. అతడు చలించలేదు. చలించినది మేనత్త.

ఆమె మొదట బతిమాలెను, పిమ్మట కసరెను, ఆపై చిన్నప్పుడు వానికి వచ్చిన జ్వరములన్నిటిని వరుసగా చెప్పెను. ఏమియు పనిచేయకపోగా కొంగు నడుముకు దోపి రణరంగమునకు దిగెను.

"ఇలా తే దాన్ని. నీ పరీక్ష ఎక్కడికీ పోదు."

"అత్తా, ముట్టుకోకు. విప్పకూడదు, సూత్రం."

"సూత్రం వచ్చి నీకు కషాయం కాచిస్తుందా?"

ఆమె ఎగిరి గొడుగు పిడినందుకొనెను. ఇరువురు గుండ్రముగా తిరిగిరి. అతడు లాగగా ఆమె సాగెను, ఆమె లాగగా అతడు నేలనుండి లేచెను. చివరకు జలుబుభయంకరి బొటనవ్రేలు పిడిమీటను నొక్కెను. టప్పుమని గొడుగు విచ్చుకొనెను. ఎర్ర పీలిక తెగి, మురికికాలువలో పడి, మలుపు తిరిగి కనబడకుండ పోయెను.

అంతే, వీధిలో నల్లగొడుగులు, నల్లగొడుగులు, వానిలో ఇదియొకటి. గుంపు దిక్కులు చూచెను. పెదనాన్న వేలెత్తి, అదిగో మన గొడుగు అని ఎవరిదో గొడుగును చూపి ముందు నడచెను. గుంపంతయు వెంట నడచెను. ఆ గొడుగు దాని యజమానితో సహా ఒక చెప్పుల అంగడిలోకి పోయెను. అంగడివాడు వచ్చినవారినందరిని మర్యాదగా కూర్చుండబెట్టి పాదముల కొలతలు తీయ మొదలిడెను.

జానెడు వెనుదిరిగి చూడగా వెనుక వానయే యుండెను. కొంచెము దూరములో, లేని గుంపుకు మార్కులు వేయుచు మాస్టారు. కన్నుల ముందు కిటికీ ప్రక్కనున్న ముక్కాలిపీట మెదిలెను. గొడుగును మరల మడువబోయెను. మడతపడలేదది. మీట బిగుసుకొనెను. గుద్దెను, గింజుకొనెను, ఊపిరి బిగబట్టి లాగెను. తుదకు దాని మొనను నేలకానించి, పైనుండి పొట్టమీద ఒత్తెను. ఊచలు వణకెను గాని లొంగలేదు. అది మూకుడువలె నోరు తెరచుకొని వాననీటిని పట్టుకొనుచు కూర్చుండెను.

"నీ మంచికే నొక్కానురా," అనెను మేనత్త, మొదటిసారి మెల్లగా.

జానెడు నీటితో నిండుచున్న గొడుగు వంక చూచెను. వీధిలోని గొడుగుల వంక చూచెను. అవన్నియు బోర్లపడి యుండెను. ఇదొక్కటియే వెల్లకిలా ఉండెను.

వెంటనే ఆ ధీరుడు మొన పట్టుకొని దానిని అట్లే పైకెత్తెను. పిడి ఆకాశమువైపు, పొట్ట ఆకాశమువైపు, అంచులనుండి నలుదిక్కుల జలపాతములు. గొడుగులోని సగము నీరు అతని మెడవెనుకనుండి చొక్కాలోనికి దిగెను. వీనికి మతి పోయెనని మేనత్త నోరు తెరచెను. మేనల్లుని ముఖము చూచి నోరు మూసెను. పుట్టి బుద్ధెరిగిన తరువాత మొదటిసారి, ఒక్క మాట లేకుండ ఒకరి వెనుక నడచెను.

చెప్పుల అంగడి అద్దము వెనుకనుండి తోడికోడళ్ళు చూచిరి.

"అడుగో మన పిల్లాడు," అనెను పెద్దది.

"ఎలా తెలుసక్కా?"

"గొడుగుని అలా ఇంకెవరు పట్టుకుంటారే?"

సేన అంగడినుండి వెలువడెను. పెదనాన్న తాను ముందే చెప్పితినని అందరికి చెప్పెను. చిన్నకోడలు ఒక కాలికి పాత చెప్పుతో, ఒక కాలికి కొత్త చెప్పుతో వచ్చెను. ఆ కొత్త చెప్పు కొరకు అంగడివాడును వచ్చెను. అందరును గడియారపు మేడ క్రింద చేరిరి. మాస్టారు అందరిని లెక్కించెను. కనుబొమలు ముడిచి మరల లెక్కించెను.

"ఒకరు ఎక్కువున్నారే," అనెను.

"తప్పిపోకూడదన్నారు గాని, పెరగకూడదనలేదు కదండీ," అనెను జానెడు. వినయముతో తలవంచెను. తలతోపాటు గొడుగును వంగెను; అంగడివీధిలో పట్టిన వానయంతయు మాస్టారి నెత్తిమీద గుమ్మరించెను.

మాస్టారు కళ్ళజోడు తీసి, నీళ్ళు విదిలించి, పెట్టుకొనెను. తడిసిన కాగితముమీద పెన్ను సాగలేదు. కావున నోటితోనే, ఎవరూ తప్పిపోలేదు గనుక పాసు అని పలికెను. తక్కిన మార్కుల సంగతి ఇంటికి పోయి తల తుడుచుకొనిన పిమ్మట ఆలోచింతుననెను. భేరీలు మ్రోగలేదు, పూలు కురియలేదు; అంగడివాడు చెప్పు తీసికొని వెళ్ళిపోయెను. అయినను సమస్త లోకములు తెలిసికొనుగాక: ఆనాడు జానెడు అను దర్జీకొడుకు, అత్యల్ప మార్కులతో, అంగడివీధిని జయించెను.

మరునాటి ఉదయము ఆకాశము కడిగిన పళ్ళెమువలె ఉండెను. మేనత్త తిరిగి పోవలసిన బస్సుకు జానెడు తోడు బయలుదేరెను. గొడుగు ఇంకను మూసుకొనలేదు. అతడు దానిని వెల్లకిలా ఎత్తి ముందు నడచెను. ఆమె సంచి పట్టుకొని వెనుక నడచెను. దారి పొడవునా ముగ్గురు నలుగురు నిలబడి చూచిరి. బస్సు రాగా అతడు ఆమెను ఎక్కించి, మెట్టుపై నిలిచి, వెనుదిరిగి ఖాళీ బస్టాండును ఆసాంతము ఒకసారి పరికించి, గుంపు మొత్తము ఎక్కినదని కండక్టరుకు చెప్పి, రెండుసార్లు తుమ్మెను.