చదివినవారు: ఒకరు

గురువారం పొద్దున ఉరుకుందు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆదివారం ఆదోనిలో తొమ్మిది గంటల బస్సెక్కాలి. ఎమ్మిగనూరులో దిగాలి. ఒక మనిషిని ఒకే ఒక్క ప్రశ్న అడగాలి. మధ్యాహ్నం బస్సుకు తిరిగి వచ్చి, పొద్దుటి అన్నంలో మజ్జిగ పోసుకుని తిని పడుకోవాలి. ఇంత చిన్న పథకంలోకి చివరికి పోలీసులు ఎందుకొచ్చారో తెలియాలంటే ముందు ఆ ఒక్క మనిషి సంగతి చెప్పాలి.

ఉరుకుందు ఇరవై ఆరేళ్ళు ఒక దినపత్రికలో రాజకీయ విశ్లేషణలు రాశాడు. సాయంత్రాలు టీవీ చర్చల్లో కూర్చునేవాడు. కర్నూలు జిల్లా పడమట ఏ నాయకుడు ఏ పార్టీలోకి దూకబోతున్నాడో ఆ నాయకుడికన్నా ముందు ఈయనకే తెలుస్తుందని పేరు. అలాంటిది, రెండేళ్ళ కిందట ఒకరోజు ఆయన విశ్లేషణను సగానికి కోసి, మిగతా సగంలో బంగారు నగల ప్రకటన వేశారు. ఆయనకు రోషం వచ్చింది. పెద్ద ఊళ్ళలో పెద్ద విశ్లేషకులంతా పత్రికలూ టీవీలూ వదిలేసి, చందా కట్టినవాళ్ళ ఫోన్లకు మాత్రమే ఉత్తరాలు పంపుకుంటూ దర్జాగా బతుకుతున్నారని అప్పటికే విని ఉన్నాడు. తానూ రాజీనామా ఇచ్చి 'పడమటి ఉత్తరం' మొదలుపెట్టాడు. ప్రతి సోమవారం పొద్దున ఆరింటికి ఒక ఉత్తరం.

ముప్పై ఒక్కమంది చేరారు. బావమరిది, పాత ఆఫీసువాళ్ళు నలుగురు, పళ్ళ డాక్టరు, ఇలా మొహమాటానికి కట్టినవాళ్ళే ఎక్కువ. అంతవరకూ బాగానే ఉంది గాని, ఈ కొత్త పద్ధతిలో ఒక దుర్మార్గం ఉంది. ఉత్తరం ఎంతమందికి చేరిందో, ఎంతమంది తెరిచి చదివారో రాసినవాడి ఫోనులో పడుతుంది. పత్రికలో ఉన్నప్పుడు లక్ష కాపీలు అచ్చయితే లక్షమందీ తన్ను చదివారనే ఆయన నమ్మకం. అందులో సగం కాగితాలు బజ్జీల పొట్లాలకు పోయినా ఆయనకు తెలిసేది కాదు. తెలియకపోవడంలో ఎంత సుఖం ఉందో ఇప్పుడు తెలిసింది. ప్రతి సోమవారం ఫోను ఒకటే మాట చెప్పేది. పంపినవి: ముప్పై ఒకటి. చదివినవారు: ఒకరు.

ఆ ఒకరి పేరు హులిగెమ్మ, ఊరు ఎమ్మిగనూరు. అంతకు మించి ఏమీ తెలియదు. ఆరింటికి ఉత్తరం వెళితే ఆరూ పదికల్లా చదివేసేది. జవాబు మాత్రం ఎన్నడూ రాయలేదు.

ఉరుకుందు భార్య పద్మ పోయి నాలుగేళ్ళయింది. పిల్లలు లేరు. ఇంట్లో నోరు విప్పేది ప్రెషర్ కుక్కర్ ఒక్కటే, అదీ మూడు కూతలతో సరిపెట్టుకునేది. సోమవారం ఆరూ పదికి ఫోను మీద 'ఒకరు' అని పడితే, వాకిట్లోకి ఎవరో వచ్చి "ఉన్నావా?" అని పలకరించినట్టుండేది. ఆ పలకరింపు కోసమే ఆయన వారమంతా రాసేవాడు. ఒంటరితనం అన్న మాట ఆయన విశ్లేషణల్లో ఎక్కడా ఉండదు. ఉన్నమాట చెప్పుకోవాలంటే ఆయనకున్న జబ్బు అదే.

ఆ హులిగెమ్మను చూసి, "అమ్మా, నా రాతలో మీకు నచ్చేదేమిటి?" అని అడగాలని ఆయన కోరిక. కాని ముక్కూ మొహం తెలియని ఆడమనిషికి, పెళ్ళాం పోయిన మగవాడు "మిమ్మల్ని ఒకసారి కలవాలి" అని రాస్తే ఏం బాగుంటుంది? అందుకని గురువారం పొద్దున ప్రత్యేక ఉత్తరం ఒకటి పంపాడు. ఆదివారం పదకొండింటికి ఎమ్మిగనూరులో, శ్రీనివాసులు హోటలు మేడ మీద పాఠకుల సమావేశం, అందరూ రావాలి అని. పిలుపు ముప్పై ఒక్కమందికి. ముప్పైమంది దాన్ని తెరవరు. తెరిచే ఒక్కరూ వస్తారు. ఆయన ఇన్నేళ్ళలో వేసిన ఎన్నికల లెక్కల్లో ఇంత పక్కా లెక్క మరొకటి లేదు.

తరువాత శ్రీనివాసులుకు ఫోను చేశాడు.

"శ్రీనివాసులూ, ఆదివారం మీ మేడ మీద హాలు కావాలప్పా. మా పాఠకులతో చిన్న సమావేశం."

"ఎంతమంది సారూ?"

"ఒక్క... పదిమంది అనుకో."

"పదిమందికి హాలెందుకు సారూ? కింద మూల టేబులు ఏస్తా. ఉగ్గాని, బజ్జి తిని పోతారు."

మూల టేబులు అనేసరికి ఉరుకుందుకు నగల ప్రకటన గుర్తొచ్చింది. "పదిమందంటే పదిమందే అనుకున్నావా? నేను పిలిస్తే మూడొందలమంది వస్తారు!" అనేశాడు.

అవతల శ్రీనివాసులు గొంతు తగ్గించాడు. "మూడొందలా... మున్సిపల్ ఎలక్షన్లు దగ్గరికొచ్చినాయి గదా. సరే సారూ, నాకర్థమైంది."

"ఏమర్థమైంది?"

"ఎవురికీ సెప్పనులే సారూ."

శ్రీనివాసులు మాట తప్పే మనిషి కాదు. ఎవరికీ చెప్పొద్దని ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పాడు.

సాయంత్రానికి నాగేంద్ర ఫోను వచ్చింది. అధికార పార్టీకి ఎమ్మిగనూరులో జనాన్ని పోగేసే పని అతనిది.

"అన్నా, ఆదివారం కొత్త పార్టీ పెడతాండావంట?"

"పార్టీ లేదు, గీర్టీ లేదప్పా. చదివేవాళ్ళను ఒకసారి చూసిపోదామని. అంతే."

"అంతేనా?"

"అంతే."

"నువ్వే గదన్నా రాసింది? నాయకుడు లేదన్నాడంటే ఉన్నట్టే, అంతే అన్నాడంటే అసలుది దాచిపెట్టినట్టే అని. ఆ పేపరు ముక్క మా ఆఫీసులో గోడకు అంటించుకున్నాము."

ఇంత చిక్కులోనూ ఉరుకుందు గుండె ఒక్కసారి పొంగింది. "నువ్వు ఎప్పుడు చదివినావప్పా?"

"నేనెప్పుడు సదివితినన్నా? మా పెద్దాయన సెప్పినాడు."

వీళ్ళను ఎలాగైనా వదిలించుకోవాలని ఉరుకుందు, "నా ఉత్తరానికి చందా కట్టినవాళ్ళకే లోపలికి ప్రవేశం. మిగతావాళ్ళు రాకూడదు" అని ఫోను పెట్టేశాడు. రాజకీయ నాయకుడికి రాకూడదని చెప్పడం ఎలాంటిదో ఇరవై ఆరేళ్ళు రాసినవాడికి గుర్తుండొద్దూ?

మర్నాడు పొద్దున ఎదుటి పార్టీ గోవిందు ఫోను చేశాడు. "సారూ, నాగేంద్ర నీకు ఫోన్ సేసినాడంట. ఏమడిగినాడు?"

"ఏమీ లేదప్పా."

"ఏమీ లేదంటే శానా పెద్దదే అయ్యుంటాది" అని గోవిందు దిగులుగా నిట్టూర్చాడు.

నాగేంద్ర మనుషులు హాలు నిండా కూర్చుంటే తమవాళ్ళకు చోటుండదని గోవిందు భయం. గోవిందు మనుషులు నిండితే తమకుండదని నాగేంద్ర భయం. ఇద్దరూ పోటీపడి తమవాళ్ళ చేత చందాలు కట్టించారు. శనివారం సాయంత్రానికి 'పడమటి ఉత్తరం' చందాదారులు మూడొందల నలభైమంది అయ్యారు. రెండేళ్ళు ఎదురుచూసిన వైభవం రెండు రోజుల్లో వచ్చిపడింది. ఉరుకుందుకు పాపం ఆశ పుట్టింది. 'రేపటి సమావేశం మరవకండి' అని అందరికీ నాలుగు ముక్కలు పంపి, ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. పదినిమిషాలకు జవాబు వచ్చింది. పంపినవి: మూడొందల నలభై. చదివినవారు: ఒకరు.

ఆదివారం ఎమ్మిగనూరు బస్టాండులో దిగేసరికి ఎదురుగా తన బొమ్మతోనే రెండు ఫ్లెక్సీలు ఉన్నాయి. ఒకదానిలో నాగేంద్ర, ఇంకొకదానిలో గోవిందు ఆయనకు దండం పెడుతున్నారు. హాల్లో ఎనభై కుర్చీలుంటే మూడొందలమంది ఉన్నారు. మెట్ల మీదా మనుషులే. ఎవరెవరో మోసుకెళ్ళినట్టే ఆయన్ను పైకి చేర్చి, అటొకరూ ఇటొకరూ చెరి రెండు శాలువాలు కప్పారు. ఆయన కళ్ళు మాత్రం ఆ గుంపులో ఒక ఆడమనిషి కోసం వెతుకుతున్నాయి. ఒక్కరూ లేరు. మైకు చేతికివ్వగానే ఆయన అడిగిన మొదటి మాట అదే.

"ఇక్కడ హులిగెమ్మగారు ఉన్నారా?"

హాల్లో తలలన్నీ వెనక్కి తిరిగాయి. నాగేంద్ర చెవి దగ్గరకు వంగి, "ఎవురన్నా ఆయమ్మ?" అన్నాడు.

"నాకు చాలా ముఖ్యమైన మనిషప్పా. ఆయమ్మ లేకపోతే ఈ సమావేశమే లేదు" అన్నాడు ఉరుకుందు. మూడు రోజులుగా ఆయన చెప్పిన వాటిలో ఇంత నిజమైన మాట మరొకటి లేదు. అదే కొంప ముంచింది, ఎందుకంటే ఆ మాట మైకులోనుంచి కింద బజారుదాకా వినబడింది.

ముందు తేరుకున్నవాడు గోవిందు. "చైర్‌పర్సన్ క్యాండిడేటురా! హులిగెమ్మక్క నాయకత్వం..."

"వర్ధిల్లాలి!" అన్నారు అతని మనుషులు.

"హులిగెమ్మక్క మా మనిషి!" అన్నాడు నాగేంద్ర, ఆమె ఎవరో తెలియకుండానే.

"మీ మనిషెట్లయితాదిరా?"

ఆపైన కుర్చీలు లేచాయి. ఉగ్గాని పళ్ళేలు లేచాయి. ఉరుకుందు "అప్పా, వినండప్పా, ఆయమ్మ ఉత్తరం చదువుతుంది, అంతే!" అని అరిచాడు. 'అంతే' వినగానే రెండు పక్షాలకూ అనుమానం పూర్తిగా తీరిపోయింది. అరగంటకు పోలీసులొచ్చారు. ఎస్సై పుస్తకం తెరిచి, "ఎవరు సార్ ఈ హులిగెమ్మ?" అని అడిగాడు.

"నాకు తెలియదు సార్. నిజంగా తెలియదు."

ఎస్సై ఆయన్ను జాలిగా చూశాడు. "మీరే గదా సార్ టీవీలో చెప్పినారు, తెలీదు అన్నోనికే అన్నీ తెలిసుంటాయని?"

సాయంత్రం బస్సులో నాలుగు శాలువాలు ఒళ్ళో పెట్టుకుని ఆయన ఆదోని చేరాడు. తాళం తీసి, దీపం వేసి, పొద్దుటి అన్నంలో మజ్జిగ పోసుకున్నాడు. ముద్ద నోట్లో పెట్టుకునేలోగా ఫోను మోగింది. హులిగెమ్మ మాట రికార్డు చేసి పంపింది. చేయి కడుక్కుని వచ్చి విన్నాడు.

"సారూ, నేను హులిగెమ్మను మాట్లాడతాండాను. మగ్గం నేస్తాను. నువ్వు రమ్మంటివి గదా, వచ్చినాను సారూ. మెట్లకాడ ఎవురో ఏ పార్టీ అని అడిగినారు. పార్టీ కాదు నాయనా, ఉత్తరం సదివేదాన్ని అంటి. అట్లాంటోళ్ళకు పైన జాగా లేదు పో అనిరి. ఆడనే సెప్పులకాడ కూసుంటి. కొంచేపటికి పైన నా పేరే పెట్టి అరుస్తాండారు. ఒళ్ళు ఝల్లుమని ఇంటికి పరిగెత్తినా. మళ్ళీ ఇల్లు ఎతుక్కుంటా రెండు పార్టీలోళ్ళూ వచ్చినారు. ఒకరు ముందర వాకిలికి, ఒకరు ఎనక వాకిలికి. చెరొక శాలువా కప్పి పోయినారు. నేసేదానికి బట్టలు పెడతారా సారూ, అదీ మిల్లు గుడ్డ!"

వెనక ఎక్కడో మేక అరిచింది.

"బజ్జీలు కట్టిచ్చిన పేపర్లో నీ కడపటి రాత సూసి సందా కట్టినా. రాజకీయం నాకు అర్థం కాదు సారూ. ఉత్తరం కడాన రెండు లైన్లు ఏస్తావు సూడు, మీ ఇంటామె నాటిన సన్నజాజి ఈవారం మూడు పూలు పూసింది అని, కుక్కర్‌కు గ్యాస్కెట్ మార్చినాను అని, అవి సదివేదాన్ని. నాకూ ఇంట్లో ఎవురూ లేరు. యాడనో ఒక మనిషి లేసినాడు, పూలు లెక్కబెట్టినాడు అని సోమవారం పొద్దున్నే తెలిసేది. ఒక్కోసారి ఆపేద్దామా అనుకుంటి. పాపం, నేనొక్కదాన్నే సదువుతాండానేమో, నేనూ మానుకుంటే ఎట్ల అని ఊరకుంటి. ఈరోజు సూస్తే మెట్లదాకా జనం! శానా సంతోషం సారూ. నీకు అంతమంది ఉన్నారు. ఇంక నేను లేకపోయినా ఏం కాదు. సందా ఆపేసినా, ఏమీ అనుకోవద్దు."

ఆ చివరి రెండు లైన్లు ఆయన ఎప్పుడూ మనసుపెట్టి రాసినవి కావు. పేజీలో అడుగున ఖాళీ మిగిలితే ఏదో ఒకటి పెట్టి నింపడం పత్రికలో పాత అలవాటు. పద్మ జాజితీగను కూడా ఆయన అలాగే వాడుకున్నాడు. ఇప్పుడది తెలిసి సిగ్గుపడ్డాడు.

వెంటనే హులిగెమ్మకు ఫోను చేశాడు. స్విచ్చాఫ్. రెండు పార్టీలవాళ్ళూ వదలకుండా ఫోన్లు చేస్తుంటే ఎవరు మాత్రం తెరిచి పెట్టుకుంటారు? ఇక కూర్చుని సోమవారం ఉత్తరం రాశాడు. రాజకీయం ఒక్క ముక్క లేదు. నిన్న హాల్లో ఉన్నవాళ్ళెవరూ నన్ను చదవరని, చదివేది ఒక్క మనిషేనని, ఆ మనిషికి చోటు లేదని పంపేశారని రాశాడు. ఆరింటికి పంపాడు. పంపాకగాని గుర్తు రాలేదు, చందా ఆపేసినవాళ్ళకు ఉత్తరం వెళ్ళదని. ఆరూ పదికి చూశాడు. ఏడింటికి చూశాడు. పంపినవి: మూడొందల ముప్పై తొమ్మిది. చదివినవారు: సున్నా.

ఉరుకుందు ఫోను బోర్లించి, వంటింట్లో కుక్కర్ పక్కన కూర్చుని ఏడ్చాడు. పద్మ పోయినప్పుడు కూడా వచ్చినవాళ్ళందరి మధ్యా ఆయన ఇలా ఏడవలేదు.

తొమ్మిదింటికి మొహం కడుక్కుని పోస్టాఫీసుకు వెళ్ళాడు. కవరైతే లోపల ఏముందోనని పదిమందికీ అనుమానం. కార్డయితే దాపరికం లేదు. అక్కడి బల్ల దగ్గరే నిలబడి రాశాడు. "హులిగెమ్మగారికి. సన్నజాజి ఈవారం ఐదు పూలు. నిన్న వచ్చినవాళ్ళెవరూ నా పాఠకులు కారు. నాకున్నది మీరొక్కరే. దయచేసి మానుకోవద్దు. చందా అక్కర్లేదు. ఉరుకుందు." చిరునామా చోట 'హులిగెమ్మ, ఎమ్మిగనూరు' అని రాసి ఊరుకున్నాడు. నిన్నటినుంచి ఆ ఇల్లు తెలియనివాళ్ళు ఆ ఊళ్ళో ఎవరూ లేరు.

కార్డును దారిలో పోస్టుమాన్ ఎలాగూ చదువుతాడు కనుక, 'పడమటి ఉత్తరం' పాఠకుల సంఖ్య ఆ వారం రెట్టింపయింది.